అతి చిన్న యుద్ధం 38 నిమిషాలా, 45 నిమిషాలా? అతి పొడుగు యుద్ధం ఏది? పరీక్షలో ఏం పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు మళ్లీ చెబుతాను. భీమవరంలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నారు. ఒక గైడులో ప్రపంచంలో అతి చిన్న యుద్ధం 38 నిమిషాలని ఉంది, ఇంకో గైడులో 45 అని ఉంది. ఎక్కువ కాలం సాగిన యుద్ధం సంగతికొస్తే ఒకదాంట్లో 335 ఏళ్లు, ఇంకోదాంట్లో 781 ఏళ్లు. మీ రూమ్మేట్ మాత్రం ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య జరిగిన వందేళ్ల యుద్ధమే పెద్దది, పేరులోనే ఉంది కదా అంటున్నాడు. ఏది పెట్టాలి, ఒక్క ప్రశ్నకి ఇన్ని అంకెలు ఎందుకున్నాయి అని మీ టెన్షన్.

ముందు జవాబు చెప్పేస్తాను. తీరిక ఉంటే మిగతాది చదవండి.

అతి చిన్న యుద్ధం ఆంగ్లో-జాంజిబార్ యుద్ధం, 1896 ఆగస్టు 27. యుద్ధం పేరు మీద పెద్దగా పేచీ లేదు, పేచీ అంతా నిమిషాల దగ్గరే. 38, 40, 45 మూడూ పుస్తకాల్లో కనిపిస్తాయి. ఆప్షన్లలో 38 ఉంటే 38 పెట్టండి.

అతి ఎక్కువ కాలం సాగిన యుద్ధానికి అందరూ ఒప్పుకున్న జవాబు లేదు. ప్రశ్న ఎలా అడిగాడో చూసి పెట్టాలి. "ఒక్క తూటా పేలకుండా" అనో "ప్రాణనష్టం లేకుండా" అనో ఉంటే 335 ఏళ్ల యుద్ధం, నెదర్లాండ్స్‌కీ ఇంగ్లండ్ పక్కనున్న సిలీ దీవులకీ మధ్య. స్పెయిన్ రికాంకిస్టా (ముస్లిం పాలకుల నుంచి క్రైస్తవ రాజ్యాలు స్పెయిన్‌ని తిరిగి గెలుచుకున్న పోరు) ఆప్షన్‌గా ఉంటే 781 అనే అంకె దానిదే. వందేళ్ల యుద్ధం ఎన్నేళ్లు జరిగిందని అడిగితే 116. మీ రూమ్మేట్‌కి ఈ ఒక్కటీ వెంటనే చెప్పండి, పాపం పేరు చూసి మోసపోయాడు.

ఇక నా సంగతి. రాజోలు వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాను. సంక్రాంతికి ఊళ్లలో పెట్టే క్విజ్‌లకి ప్రశ్నలు తయారుచేసే పని కూడా చాలాకాలం నా నెత్తినే ఉండేది. అందుకని ఈ ప్రశ్నతో నాకు పాత పరిచయం, దాంతోపాటు ఒక పాత అవమానం కూడా ఉన్నాయి. అవమానం సంగతి కాసేపాగి చెబుతాను.

38కీ 45కీ మధ్య తేడా నాకు పుస్తకంలో కంటే క్లాసులో బాగా అర్థమైందండి. మా స్కూల్లో పీరియడ్ 45 నిమిషాలు. బెల్లు కొట్టాక మేం స్టాఫ్‌రూమ్‌లోంచి లేచి వెళ్లడం, పిల్లలు నిలబడి గుడ్మార్నింగ్ చెప్పడం, అటెండెన్స్, ముందు పీరియడ్ వాళ్లు వదిలేసిన లెక్కలు నల్లబల్ల మీంచి తుడవడం. ఇదంతా అయ్యేసరికి ఏడు నిమిషాలు గాల్లో కలిసిపోతాయి. రిజిస్టర్లో 45, పాఠం మాత్రం 38. ఒక ఏడాది ఆగస్టులో ఇంట్లోని అలారం టైంపీసు సంచిలో వేసుకుని తొమ్మిదో తరగతికి వెళ్లాను. అది పాత కీ గడియారం, టకటకమని నాలుగో బెంచీ దాకా వినిపించేది. టేబుల్ మీద పెట్టి, "ఈ పీరియడ్ అయ్యేలోపు ఒక యుద్ధం మొదలై, ఒక రాజు సింహాసనం వదిలి పారిపోయి, ఇంకో రాజు రావాలి, చూద్దాం" అన్నాను. ఆ రోజు వెనక బెంచీ కూడా కిక్కురుమనలేదు.

కథ ఇదీ. జాంజిబార్ అంటే తూర్పు ఆఫ్రికా ఒడ్డున ఉన్న దీవి, లవంగాలకి పెట్టింది పేరు. 1890 నుంచి బ్రిటిష్ వాళ్ల రక్షణ కింద ఉంది. 1896 ఆగస్టు 25న సుల్తాన్ హమద్ బిన్ తువైనీ చనిపోయాడు. కొత్త సుల్తాన్ ఎవరైనా బ్రిటిష్ కాన్సుల్ అనుమతి తీసుకునే గద్దెనెక్కాలని ఒప్పందం. బ్రిటిష్ వాళ్ల మనసులో ఉన్న మనిషి హమూద్ బిన్ మహమ్మద్. అయితే ఖాలిద్ బిన్ బర్గాష్ ఎవర్నీ అడక్కుండా అదే రోజు అనుచరులతో ప్యాలెస్‌లోకి వెళ్లి, నేనే సుల్తాన్ని అని ప్రకటించుకున్నాడు. ప్యాలెస్ చుట్టూ దాదాపు 2,800 మంది చేరారు. వాళ్లలో సైనికులున్నారు, నౌకర్లున్నారు, బానిసలు కూడా ఉన్నారు.

బ్రిటిష్ కాన్సుల్ బాసిల్ కేవ్ గడువు పెట్టాడు. 27వ తేదీ ఉదయం తొమ్మిదింటికల్లా జెండా దించి ప్యాలెస్ ఖాళీ చేయాలి. రియర్ అడ్మిరల్ హ్యారీ రాసన్ కింద ఐదు యుద్ధనౌకలు రేవులోకి వచ్చి ప్యాలెస్‌కి ఎదురుగా నిలబడ్డాయి. ఎనిమిదిన్నరకి ఖాలిద్ దగ్గర్నుంచి కబురు వచ్చింది: జెండా దించం, మీరు కాలుస్తారని మేం అనుకోవడం లేదు అని. మాకూ కాల్చాలని లేదు, కానీ చెప్పినట్టు చేయకపోతే కాలుస్తాం అని ఇవతలి నుంచి జవాబు వెళ్లింది.

తొమ్మిదికి గడువు తీరింది. 9:02కి రకూన్, త్రష్, స్పారో అనే మూడు నౌకలు ఒకేసారి కాల్చాయి. త్రష్ వేసిన మొదటి గుండుకే ప్యాలెస్ ముందున్న ఒక ఫిరంగి ఎగిరిపోయింది. ప్యాలెస్‌లో చాలా భాగం కొయ్యే, అంటుకుంది. సుల్తాన్‌కి గ్లాస్గో అని ఒక్క ఓడ ఉండేది, విహారానికని కట్టించుకున్న ఓడ. పాపం అదీ తిరిగి కాల్చింది, కాసేపట్లోనే మునిగింది. రేవు లోతు తక్కువ కావడంతో దాని తెరచాప స్తంభాలు నీళ్ల పైకి కనిపిస్తూనే ఉండిపోయాయి, 1912లో వాటిని తీసేసేదాకా. 9:40 ప్రాంతంలో ప్యాలెస్ మీద జెండా పడిపోయింది, కాల్పులు ఆగాయి. అప్పటికే ఖాలిద్ జర్మన్ కాన్సులేట్‌లో దూరాడు. మధ్యాహ్నానికి హమూద్ సుల్తాన్ అయ్యాడు.

ఇప్పుడు లెక్క చూడండి. గడువు తీరిన తొమ్మిది నుంచి 9:45 దాకా లెక్కేసినవాళ్లకి 45. మొదటి గుండు పేలిన 9:02 నుంచి ఆఖరి గుండు ఆగిన 9:40 దాకా లెక్కేసినవాళ్లకి 38. రెండు గైడులూ తప్పు రాయలేదు. ఒకడు బెల్లు నుంచి లెక్కేశాడు, ఇంకొకడు పాఠం నుంచి లెక్కేశాడు. నేను 38 పెట్టమన్నది ఎందుకంటే యుద్ధం అన్నప్పుడు కాల్పులనే లెక్కలోకి తీసుకోవడం సబబని నా అభిప్రాయం. పాత బిట్ బ్యాంకుల్లో ఎక్కువగా తిరిగేది కూడా ఆ అంకే.

మన పాత లెక్కలో చెప్పాలంటే ఘడియ అంటే 24 నిమిషాలు, రెండు ఘడియలు ఒక ముహూర్తం, అంటే 48. కాబట్టి 38 అన్నా, 45 అన్నా ఒక్క ముహూర్తం లోపే. మా తొమ్మిదో తరగతి పిల్లలకి ఇది చెప్పగానే ఒకడు "పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టేలోపు అయిపోయిందన్నమాట" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత బల్ల మీద 500 అని రాశాను. జాంజిబార్ వైపు చచ్చినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి సుమారు ఆ సంఖ్య. బ్రిటిష్ వైపు ఒక్క నావికుడికి గాయమైంది, అతనూ కోలుకున్నాడు. 500ని 38తో భాగించమన్నాను. నిమిషానికి పదమూడు మంది. టైంపీసు ఇంకా కొట్టుకుంటోంది. ఇంక ఎవరూ నవ్వలేదు.

ఆ క్లాసులో కిటికీ పక్కన కూర్చునే ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, తొమ్మిదింటికి అని చెప్పింది ఇంగ్లీషువాళ్లు కదా, ఆ దీవి వాళ్ల గడియారంలో అప్పుడు ఎంతయ్యింది?" అని అడిగింది. నాకు తెలియలేదు. టైము ఎక్కడైనా ఒకటేనమ్మా అని ఏదో చెప్పి కూర్చోబెట్టాను. బెల్లు కొట్టేశారు.

ఇక ఆ అవమానం సంగతి. మీ పరీక్షకి ఇది ఇంకా ముఖ్యం.

ఒక కనుమ నాడు సాయంత్రం, గుడి ముందు పందిరి, మైకు, బహుమతిగా స్టీలు బేసిన్లు. "మన ఆంధ్రదేశంలో ఒక్క రోజులో ముగిసిన ప్రసిద్ధ యుద్ధం ఏది?" అని అడిగాను. నా కాగితం మీద జవాబు బొబ్బిలి యుద్ధం, 1757 జనవరి 24. ఒక ఎనిమిదో తరగతి కుర్రాడు చెయ్యెత్తి "బొబ్బిలి, కానీ ఒక్క రోజు కాదండి" అన్నాడు. నేను సగం మార్కే వేశాను. వాళ్ల తాతగారు వెనక అరుగు మీంచి లేచారు. బుర్రకథలు విని పెరిగిన మనిషి. "ఒక్క రోజులో ఎక్కడ అయిపోయింది మాస్టారూ? కోట పడింది ఆ రోజు. మూడు రోజులు తిరక్కముందే తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజుని పొడిచాడు కదా, దాన్ని ఏ యుద్ధంలో వేస్తారు?" అన్నారు. మైకు నా చేతిలోనే ఉంది, మాట మాత్రం రాలేదు. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో కోట పగలగొట్టిన రోజు దగ్గరే నా పుస్తకం ఆగిపోయింది, ఆయన కథ ఆగలేదు. కుర్రాడికి మిగతా సగం మార్కూ వేసి కూర్చున్నాను.

ఇంటికొచ్చి ఆలోచిస్తే తప్పు ఎక్కడుందో తెలిసింది. మన తెలుగులో యుద్ధం అన్న ఒక్క మాటతోనే రెండు పనులు కానిచ్చేస్తాం. ఒక మైదానంలో ఒక పూటో, రెండు రోజులో జరిగే తాకిడినీ యుద్ధమే అంటాం: పానిపట్టు యుద్ధం, ప్లాసీ యుద్ధం, బొబ్బిలి యుద్ధం. రాజ్యాల మధ్య ఏళ్ల తరబడి సాగే వైరాన్నీ యుద్ధమే అంటాం: కర్ణాటక యుద్ధాలు, ఏడేళ్ల యుద్ధం, ప్రపంచ యుద్ధం. ఇంగ్లీషులో బ్యాటిల్ వేరు, వార్ వేరు. పేపరు రెండు భాషల్లో ఉంటుంది కాబట్టి ఇలాంటి ప్రశ్న రాగానే పక్కనున్న ఇంగ్లీషు వాక్యం చూడండి. వార్ అని ఉంటే ప్లాసీ, బొబ్బిలి అన్న ఆప్షన్లు కొట్టేయొచ్చు.

మన డెల్టా అంచునే దీనికి మంచి ఉదాహరణ ఉంది. పిఠాపురం దగ్గర గొల్లప్రోలు మండలంలో చందుర్తి. కాకినాడ నుంచి తుని వైపు వెళ్తున్నప్పుడు ఆ పొలాల మీంచే పోతాం, ఎవరూ తల తిప్పి చూడరు. 1758 డిసెంబర్‌లో అక్కడ ఫ్రెంచివాళ్లకీ ఇంగ్లీషువాళ్లకీ పోరు జరిగింది. దానికి మూలం ఎక్కడుందో చూడండి. బొబ్బిలి తర్వాత విజయరామరాజు హత్యకి గురైతే, విజయనగరం గద్దెనెక్కిన ఆనందగజపతికి ఫ్రెంచివాళ్లతో పడలేదు. ఆయన విశాఖపట్నాన్ని ఫ్రెంచివాళ్ల దగ్గర్నుంచి లాక్కుని, ఇంగ్లీషువాళ్లకి కబురు పంపాడు. కలకత్తాలో ఉన్న క్లైవు కల్నల్ ఫోర్డుని సైన్యంతో పంపించాడు. ఫ్రెంచి వైపు కాన్‌ఫ్లాన్స్ సేనాని.

చందుర్తి దగ్గర ఫోర్డు తెల్లసిపాయిల దళం ఏపుగా పెరిగిన పైరు చాటున ఉండిపోయింది. ఎర్రకోట్లు వేసుకున్న మన దేశపు సిపాయిలే పైకి కనిపిస్తున్నారు. ఫ్రెంచివాళ్లు వాళ్లనే అసలు దళం అనుకుని మీదపడ్డారు. పక్కన పైరులోంచి అసలు దళం బయటికి వచ్చేసరికి పరిస్థితి తారుమారైంది. కాన్‌ఫ్లాన్స్ రాజమండ్రి వైపు, అక్కణ్నుంచి మచిలీపట్నం వైపు పరుగు. ఫోర్డు వెంటపడాలంటే ఆనందగజపతి ఇస్తానన్న డబ్బు రావాలి, అక్కడ పేచీ వచ్చి చాలా రోజులు పోయాయి. చివరికి 1759 ఏప్రిల్‌లో ఒక రాత్రి మచిలీపట్నం కోట మీద పడి పట్టుకున్నాడు. ఆ దెబ్బతో హైదరాబాద్ పాలకుడు సలాబత్ జంగ్ ఫ్రెంచివాళ్లని వదిలి ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం రాసుకున్నాడు.

ఇప్పుడు చెప్పండి, చందుర్తి ఎంతసేపు జరిగింది? మైదానంలో చూస్తే ఒక్క పూట. తాతగారి లెక్కలో బొబ్బిలి నుంచి మచిలీపట్నం దాకా రెండేళ్లకి పైనే. ఐరోపా లెక్కలో అది ఏడేళ్ల యుద్ధంలో ఒక చిన్న ముక్క. 1756లో మొదలై, 1763 ఫిబ్రవరిలో పారిస్ ఒప్పందంతో ముగిసింది. చందుర్తి రైతు పైరు తొక్కించుకున్నది ఎవరి యుద్ధంలోనో ఆయనకి ఎవరు చెప్పి ఉంటారు!

యానాం కథా అంతే. అది ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఊరు కాబట్టి ఐరోపాలో వాళ్లిద్దరికీ చెడినప్పుడల్లా ఇక్కడ జెండా మారేది, అక్కడ రాజీ కుదిరితే మళ్లీ పాత జెండా. మన కోరంగి పాయ పక్కన ఒక్క గుండు పేలినా పేలకపోయినా, లెక్క మాత్రం పారిస్‌లోనో లండన్‌లోనో తేలేది. చివరికి యానాం మనలో కలిసింది 1954లో. ఫ్రెంచి పార్లమెంటు ఆమోదించి కాగితం పూర్తయింది 1962లో. పుదుచ్చేరి మీద బిట్లు వచ్చినప్పుడు ఈ రెండు ఏళ్లనీ కలిపి గందరగోళపడకండి.

అసలు యుద్ధం అనే పేరే పెట్టకపోతే? 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వెళ్లింది. ట్యాంకులు, విమానాలు, అన్నీ ఉన్నాయి. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు, మర్నాడు ఆయన సేనాని ఎల్ ఎడ్రూస్ మేజర్ జనరల్ చౌధురి ముందు లొంగిపోయాడు. ఐదు రోజుల్లో తేలిపోయింది. కానీ దాని పేరు పోలీసు చర్య, అందుకని చిన్న యుద్ధాల జాబితాల్లో అది పెద్దగా కనపడదు. 1961 డిసెంబర్‌లో గోవా అయితే సుమారు 36 గంటలు. దాన్నీ చాలా పుస్తకాలు విమోచన అనో సైనిక చర్య అనో రాస్తాయి. 1907 హేగ్ ఒప్పందం ప్రకారం యుద్ధానికి ముందు ప్రకటన ఇవ్వాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దేశాలు ఆ ప్రకటన జోలికి పోవడం బాగా తగ్గించేశాయి. కొట్టుకుంటాయి, కానీ పేరు ఇంకోటి పెడతాయి. అందుకే ఈ జాబితాలు ఎవరు రాసినా నేను పూర్తిగా నమ్మను.

పొడుగు యుద్ధాల దగ్గర ఈ గొడవ ఇంకా ముదురుతుంది.

335 ఏళ్ల కథ సరదాగా ఉంటుంది. ఇంగ్లండ్‌లో అంతర్యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఓడిపోయిన రాజు పక్షం నౌకలు సిలీ దీవుల్లో తలదాచుకుని డచ్చి వర్తకనౌకల్ని దోచేవి. 1651 మార్చి 30న డచ్చి అడ్మిరల్ మార్టెన్ ట్రాంప్ వచ్చి నష్టపరిహారం అడిగాడు. సరైన జవాబు రాలేదు, ఆయన యుద్ధం ప్రకటించాడని అంటారు. జూన్ కల్లా పార్లమెంటు పక్షం అడ్మిరల్ బ్లేక్ ఆ దీవుల్ని పట్టుకున్నాడు, డచ్చివాళ్లు ఇంటికి పోయారు. సంధి చేసుకోవాలని ఎవరికీ గుర్తు రాలేదు. 1985లో సిలీ దీవుల కౌన్సిల్ ఛైర్మన్, చరిత్ర మీద ఆసక్తి ఉన్న రాయ్ డంకన్, లండన్‌లోని డచ్చి రాయబార కార్యాలయానికి ఉత్తరం రాస్తే, 1986 ఏప్రిల్ 17న రాయబారి స్వయంగా వచ్చి సంధి కాగితం ఇచ్చాడు. ఏ క్షణంలో మేం దాడి చేస్తామో అని మూడు వందల ఏళ్లు మీరు ఎంత భయపడి ఉంటారో అని జోకు కూడా వేశాడట.

దీన్ని నేను యుద్ధం అనడానికి ఒప్పుకోను. ట్రాంప్‌కి తన దేశం తరఫున యుద్ధం ప్రకటించే అధికారం ఉందా అన్నదే అనుమానం. ఒకవేళ ఉన్నా, 1654లో ఇంగ్లండ్, నెదర్లాండ్స్ సంధి చేసుకున్నాయి, సిలీ దీవులు ఇంగ్లండ్‌లో భాగమే. ఆ డచ్చివాళ్లే, మన పెద్దలు ఒలందులు అనేవాళ్లు, పదిహేడో శతాబ్దంలోనే మన పాలకొల్లులో గుడ్డల వ్యాపారం చేశారు. కాకినాడ జగన్నాథపురంలో 1825 దాకా ఉన్నారు. అక్కణ్నుంచి వెళ్లిపోయింది కూడా ఇంగ్లీషువాళ్లతో రాసుకున్న ఒప్పందం ప్రకారమే. ఒకపక్క ఊళ్లు అప్పగించుకుంటూ ఇంకోపక్క యుద్ధంలో ఉన్నారంటే ఎలా నమ్మాలి? అయినా పరీక్షలో అడిగితే 335 పెట్టాలి. పరీక్ష వేరు, మన మనసు వేరు.

రోమ్, కార్తేజ్ కూడా ఇలాంటి సరదాయే. క్రీ.పూ. 146లో ఉత్తర ఆఫ్రికా ఒడ్డునున్న కార్తేజ్ నగరాన్ని రోమన్లు నేలమట్టం చేశారు. 1985లో రెండు నగరాల మేయర్లు కూర్చుని శాంతి ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. దీన్ని పట్టుకుని రెండు వేల ఏళ్ల యుద్ధం అని రాసే మహానుభావులున్నారు, జాగ్రత్త.

రికాంకిస్టా 781 దగ్గరా మొదలు పేచీయే. 711లో ముస్లిం సైన్యాలు స్పెయిన్‌లోకి వచ్చినప్పటి నుంచి 1492లో గ్రెనడా పడేదాకా లెక్కేస్తే 781. క్రైస్తవులు తిరగబడి గెలిచిన కోవడోంగా పోరు 722లో అనుకుని అక్కణ్నుంచి లెక్కేస్తే 770. మధ్యలో దశాబ్దాల తరబడి పొత్తులు, పెళ్లిళ్లు, కప్పాలు. క్రైస్తవ వీరుడని పేరున్న ఎల్ సిద్ కొన్నేళ్లు జరగోజా ముస్లిం రాజు కొలువులోనే పనిచేశాడు. రోమన్లకీ పర్షియన్లకీ మధ్య క్రీ.పూ. 54 నుంచి క్రీ.శ. 628 దాకా 680 ఏళ్ల పైచిలుకు అంటారు, అదీ ఇలాగే తెగుతూ అతుకుతూ నడిచిందే.

ఇదంతా చదివితే నాకు మా ఇంటి గట్టు తగాదా గుర్తొస్తుంది. మా నాన్నగారికీ పక్కచేను ఆసామికీ మధ్య జానెడు గట్టు మీద దావా. తీర్పు రావడానికి 19 ఏళ్లు పట్టింది. కానీ ఆరో ఏటి నుంచే ఇద్దరూ వాయిదాకి ఒకే బస్సులో వెళ్లేవారు. మా అమ్మ కట్టిన క్యారేజీలో పులిహోర ఆయనకీ సరిపడా ఉండేది. లోపల లాయర్లు ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకుంటుంటే వీళ్లిద్దరూ బయట వేపచెట్టు కింద తినేవారు. తగాదా ఎన్నేళ్లు సాగిందంటే లాయరు 19 అంటాడు, మా అమ్మని అడిగితే ఆరు అనేది.

వందేళ్ల యుద్ధమూ అంతే. 1337 నుంచి 1453, లెక్కకి 116. కానీ 1360లో బ్రెటినీ సంధి, 1369లో మళ్లీ మొదలు. 1389లో ఇంకో విరామం, 1415లో ఇంగ్లండ్ రాజు ఐదో హెన్రీ మళ్లీ ఫ్రాన్స్ మీద పడటం. అప్పట్లో బతికినవాళ్లెవరికీ తాము వందేళ్ల యుద్ధంలో ఉన్నామని తెలీదు, ఆ పేరు పెట్టింది చాలా తర్వాతి చరిత్రకారులు. పెద్ద విరామం లేకుండా నిజంగా మనుషుల్ని పిండి చేసిన పొడుగు యుద్ధం చెప్పమంటే నేను 1618–1648 ముప్పై ఏళ్ల యుద్ధాన్ని చెబుతాను. ఇది నా అభిప్రాయం, కీలో ఉండదు.

దీనికి తలకిందులు ఉదాహరణ ఒకటి. 1969 జులైలో ఎల్ సాల్వడార్, హోండురస్ కొట్టుకున్నాయి. ఫుట్‌బాల్ యుద్ధం అంటారు, కారణం మాత్రం ఫుట్‌బాల్ కాదు, భూములు, వలసలు. కాల్పులు నాలుగు రోజులు, అందుకే దాన్ని వంద గంటల యుద్ధం అని కూడా అంటారు. శాంతి ఒప్పందం 1980లో. కొరియా సంగతి మీకు తెలిసిందే. 1953 జులై 27న కాల్పుల విరమణ మాత్రమే, శాంతి ఒప్పందం ఇప్పటికీ లేదు. ఈ రెంటినీ చిన్నవాటిలో వేస్తారా, పెద్దవాటిలోనా, మీ ఇష్టం.

పరీక్ష హాల్లో ఇంత ఆలోచించే టైము ఉండదు కాబట్టి మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. ప్రశ్నలో వార్ అని ఉందా, బ్యాటిల్ అని ఉందా చూడండి. పొడుగు యుద్ధం అయితే "ప్రాణనష్టం లేని" లాంటి విశేషణం ఉందేమో వెతకండి. నిమిషాల ఆప్షన్లలో 38, 45 రెండూ పక్కపక్కనే ఉంటే 38 పెట్టి ముందుకెళ్లండి. ప్రాథమిక కీలో 45 వస్తే అభ్యంతరం పెట్టొచ్చు, 9:02, 9:40 అని గంటలతో సహా ఉన్న ప్రామాణిక పుస్తకం పేజీ జత చేయండి. గైడు పేజీ జత చేస్తే వాళ్లు చూడరు.

కిటికీ పక్క అమ్మాయి అడిగినదానికి జవాబు నాకు చాలా ఏళ్ల తర్వాత దొరికింది. జాంజిబార్‌లో మాట్లాడే స్వాహిలీలో ఈ రోజుకీ గంటలు పొద్దుపొడుపు నుంచి లెక్కిస్తారు, మన పాత ఘడియల్లాగే. మన ఉదయం తొమ్మిది వాళ్లకి మూడు. ఆ మధ్య నరసాపురం వెళ్దామని సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడితే, చంకలో పిల్లాడితో ఆ అమ్మాయే పలకరించింది. నేను కుశలం కూడా అడక్కుండా ముందు ఇదే చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే వాళ్ల లెక్కలో మూడూ రెండుకి మొదలైంది మాస్టారూ, మీరు బోర్డు మీద తొమ్మిదని రాశారు" అంది. ఈలోగా పంటు ఒడ్డుకి తగిలింది, మోటార్‌సైకిళ్లవాళ్లు ముందుకి తోసుకొచ్చారు.